నాటాల్ వెళ్ళిన అప్పలస్వామి సంతతి ఎక్కడుంది? పేరు ఒకటే, మనుషులు బోలెడు

నాగావళి
అందరికీ నమస్కారం. మా ముత్తాతగారి అన్న పేరు అప్పలస్వామి, వాళ్ళ నాన్న పేరు రాములు. శ్రీకాకుళం పక్క పల్లె మాది. 1900కి కాస్త అటూ ఇటూగా ఆయన మద్రాసు వెళ్ళి, ఓడెక్కి, దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి చెరకు తోటల పనికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇంట్లో ఆయన గుర్తు ఒక్క ఉత్తరమే. 1909లో వచ్చింది. మడతలు పడ్డచోటల్లా చిరిగి నాలుగు ముక్కలైంది. ఆయనకు చదువు రాదు కాబట్టి ఎవరి చేతో రాయించినట్టున్నాడు, చివర వేలిముద్ర ఉంది. అందులో "పెద్దదానికి అమ్మ పేరు పెట్టినాను, మొన్న పుట్టినవాడికి అయ్య పేరు పెట్టినాను" అన్న వాక్యం ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ ఇద్దరు పిల్లల పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవాలని మా నాన్న కోరిక. ఆయనకు 80 దాటాయి.

ఓడల జాబితాల్లో అప్పలస్వామి అని వెతికితే ఒకరి తర్వాత ఒకరు వస్తూనే ఉన్నారు. సింహాద్రి అప్పన్నను కొలిచే ఊళ్ళాయె, ఇంటికో అప్పన్న, అప్పలస్వామి, అప్పలనర్సి. వీళ్ళలో మావాడు ఎవరో ఎలా తేల్చుకోవాలి?

పాత దస్తావేజు
అమ్మా, ముందు పేరును పక్కన పెట్టు. నంబరు పట్టుకో.

నాటాల్‌కి 1860 నుంచి 1911 దాకా 1,52,184 మంది కూలి ఒప్పందం మీద వెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచి బయల్దేరి 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చారు. ఆ నంబరు పక్కనే పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద గుర్తులు రాశారు. ఇంటిపేరు కోసం వెతకకు, దానికి అక్కడ చోటు లేదు. మనిషి పేరును గుమస్తా తనకు వినిపించినట్టు మార్చేసినా నంబరు మారలేదు. పెళ్ళి నమోదైనా, బిడ్డ పుట్టినా, మనిషి పోయినా చాలా కాగితాల్లో మళ్ళీ అదే నంబరు కనిపిస్తుంది.

కాబట్టి నువ్వు తేల్చాల్సింది ఒకటే: ఇంతమందిలో మీ అప్పలస్వామి నంబరు ఏది? అది తేలాకే పిల్లల జోలికి వెళ్ళు. చాలామంది ఇది తిరగేసి చేస్తారు. దొరికిన వంశవృక్షానికి మన మనిషిని అతికిస్తారు.

రెండు ప్రశ్నలు. ఇంట్లో ఆయన రూపు గురించి ఎవరైనా ఏమైనా చెప్పుకునేవారా? ఆయనతోపాటు మీ ఊరి నుంచి ఇంకెవరైనా వెళ్ళారా?

నాగావళి
మా తాతమ్మ చెప్పేదట, చిన్నప్పుడు ఎద్దు కొమ్ము విసిరితే ఎడమ కనుబొమ్మ చీలిందని, అక్కడ వెంట్రుకలు మొలవలేదని. ఇది పనికొస్తుందని నేను అనుకోలేదు. తోడు ఎవరు వెళ్ళారో తెలియదు. ఇంకో సంగతి, శ్రీకాకుళం అని వెతికితే ఒక్కరూ రావడం లేదు.

పాత దస్తావేజు
రారు. అప్పట్లో దాన్ని చికాకోల్ అని రాసేవారు. పైగా అది గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలోకి వచ్చింది, 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. జాబితాలో గంజాం అని కనిపించగానే ఇప్పటి ఒడిశా గంజాం అనుకుని మనవాళ్ళు ఆ వరుసలన్నీ వదిలేస్తుంటారు. చిత్తూరువాళ్ళదీ ఇదే కథ. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది, కాబట్టి వాళ్ళ పెద్దలు ఉత్తర ఆర్కాటు కింద ఉంటారు.

ఊరి పేరు తేలకపోతే ఇంగ్లీషు అక్షరాలను కళ్ళతో చదవకు. గట్టిగా పలుకు. మన పల్లె మనిషి చెప్పింది మద్రాసు గుమస్తా విని, దాన్ని ఇంగ్లీషులో రాశాడు. రెండు మూడుసార్లు పలికితే ఊరు బయటపడుతుంది.

కనుబొమ్మ మచ్చ చాలా పెద్ద ఆధారం. దాన్ని భద్రంగా పెట్టుకో.

గౌతమి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా తాతగారి నాన్న కాకినాడలో ఓడెక్కి రంగూన్ వెళ్ళాడు. ఆయనకీ ఇలాంటి నంబరు ఉంటుందా?

పాత దస్తావేజు
ఉండదండి. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో భాగం, 1937లో విడిపోయింది. మనవాళ్ళు మేస్త్రీల వెంట, డబ్బు బాకీపడి వెళ్ళేవారు. నాటాల్, ఫిజీలకు రాసినట్టు మనిషి మనిషికీ ఇంత వివరంగా రాయలేదు. మీరు కుటుంబ కాగితాలు, 1942లో నడిచి వచ్చినవాళ్ళ జ్ఞాపకాల మీదే ఆధారపడాలి. దీనికి విడిగా ఇంకో చర్చ పెట్టండి, అక్కడ మాట్లాడుకుందాం.

డర్బన్ వాసి
నేను ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళు. ఇక్కడి తెలుగువాళ్ళ పేర్ల గురించి కొంత చెబుతాను, ఎందుకంటే కిందికి వెతికేటప్పుడు అందరూ దారి తప్పేది ఇక్కడే.

ఇక్కడ ఇంటిపేర్లు పోయాయి. తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరైంది. అప్పలస్వామి కొడుకు రాములు అయితే కాగితాల్లో "రామ్లూ అప్పల్సామి". ఆ రామ్లూ కొడుకుల్లో ఒకడు అప్పల్సామి అనే ఉంచుకుని, రెండోవాడు బళ్ళో రామ్లూ అని రాయించుకుని ఉండొచ్చు. మూడోవాడు నాయుడు అని పెట్టుకుంటే, ఇక్కడి స్పెల్లింగులో వేలమంది నాయుళ్ళలో కలిసిపోతాడు. ఒక తల్లి కడుపున పుట్టిన ముగ్గురికి మూడు ఇంటిపేర్లు. ఇంటిపేరు పెట్టి కిందికి వెతికితే ఒక కొమ్మ దొరికి రెండు కొమ్మలు జారిపోతాయి.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. తెలుగు ఇంటి పిల్ల తమిళ ఇంటికి కోడలైతే ఆమె పిల్లలు ఈరోజు తాము తమిళులమనే చెబుతారు. అబద్ధం కాదు, వాళ్ళకు తెలిసింది అదే. నాగావళి గారూ, ఉత్తరంలో మొదట చెప్పింది కూతురి గురించి కదా. ఆమెను వదలకండి. కొడుకులు ఇంటిపేరు మార్చుకుంటారు, ఊళ్ళు మారతారు. కూతుళ్ళ ఇళ్ళలో అమ్మమ్మ మాటలు మిగిలి ఉండటం నేను చాలాసార్లు చూశాను.

మూడు వేర్లు
నా అభిప్రాయం వేరు. ఇన్ని కాగితాలు తిరగేయడం కన్నా ముందు డీఎన్‌ఏ టెస్ట్ చేయించండి. అక్కడి వాళ్ళు ఎవరైనా చేయించుకుని ఉంటే నేరుగా కలుస్తారు.

పాత దస్తావేజు
కలుస్తారు, కానీ ఏ వరసలో కలిశారో ఎలా తెలుస్తుంది? మన ఊళ్ళలో మేనరికాలు ఎన్ని!

మూడు వేర్లు
ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. డీఎన్‌ఏ పోలికను సెంటీమోర్గాన్లలో కొలుస్తారు. మూడో తరం దాయాదులు, అంటే ముత్తాతల తరంలో అన్నదమ్ములైతే వాళ్ళ మునిమనవళ్ళు, సగటున 70 చిల్లర సెంటీమోర్గాన్లు పంచుకుంటారు. వాళ్ళలోనూ సుమారు పదింట ఒక జంటకు అసలు పోలికే కనబడకపోవచ్చు. ఒక తరం పైకి వెళితే, అంటే తాతలే అన్నదమ్ములైనవాళ్ళకు, సగటు 200 దాటుతుంది, పోలిక కనబడక మానదు. అందుకే ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళకు టెస్ట్ చేయించాలి. నాగావళి గారూ, మీకు కాదు, మీ నాన్నగారికి.

మేనరికాల చిక్కేమిటంటే, రెండు మూడు వైపుల నుంచి చుట్టరికం ఉన్నవాళ్ళకు అంకె పెరిగి కనిపిస్తుంది. అసలు దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడు. కాబట్టి అంకెను చూసి వరస నిర్ణయించకూడదు, కాగితాలు చెప్పిన వరసకు అంకె సరిపోతుందో లేదో చూడాలి. కూతురి వైపు సంతతి అయితే మగవాళ్ళకే వచ్చే వై క్రోమోజోమ్ టెస్ట్ మీకు పనికిరాదు.

నాగావళి
రెండు వారాలు కూర్చున్నాను. తండ్రి పేరు రాములు అని ఉన్న అప్పలస్వాములు ఇద్దరు మిగిలారు. ఒకరు విశాఖపట్నం జిల్లా పాలకొండ తాలూకా, 20 ఏళ్ళు. రెండోవారు గంజాం జిల్లా చికాకోల్ తాలూకా, 22 ఏళ్ళు. రెండో ఆయన ఊరి పేరు మాత్రం ఎంత పలికినా మా ఊరులా లేదు.

ఇంకో మాట. పాలకొండ ఆయన సంతతి నాకు ఆన్‌లైన్‌లో దొరికారు. వాళ్ళు పెట్టిన వంశవృక్షంలో రాములు అనే కొడుకు కూడా ఉన్నాడు. రాత్రి వాళ్ళతో రెండు గంటలు మాట్లాడాను. వాళ్ళ తాతగారి ఫొటో పంపారు. గడ్డం, చెవులు అచ్చం మా తాతగారివే. నాన్నకు చూపిస్తే ఫొటో చేతిలో పట్టుకుని అలా ఉండిపోయారు.

పాత దస్తావేజు
అమ్మా, నీ సంతోషం చెడగొట్టాలని కాదు. ఆ పాలకొండ వరుస చివర ఏమైనా రాసి ఉందా? తిరుగు ఓడల జాబితాలో ఆ నంబరు చూశావా? ఒప్పందం ఐదేళ్ళు. అది ముగిశాక వెనక్కి వెళ్ళేవాళ్ళ తిరుగు ప్రయాణం ఖర్చు నాటాల్ ప్రభుత్వమే పెట్టుకునేది. 1895లో ఏడాదికి మూడు పౌన్ల పన్ను చట్టం తెచ్చింది కూడా మనవాళ్ళను అయితే మళ్ళీ కూలి ఒప్పందంలోకి, లేదంటే తిరుగు ఓడలోకి నెట్టడానికే. 1914 దాకా ఆ పన్ను నడిచింది. చాలామంది వెనక్కి వచ్చేశారు. మీ పెద్దాయన 1909లో నాటాల్‌లో ఉన్నాడని ఉత్తరం చెబుతోంది. ఈయన అప్పుడు అక్కడ ఉన్నాడా?

ముఖాల పోలిక మీద నమ్మకం పెట్టుకోకు. నేనూ ఒకసారి ఫొటో చూసి మా వంశంలో నలుగురిని తప్పుగా చేర్చాను. వాళ్ళను తీసేయడానికి మూడేళ్ళు పట్టింది, వాళ్ళలో ఒకరితో మాట తెగిపోయింది. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నాగావళి
చూశాను. పాలకొండ నంబరు మీద 1906లో మద్రాసుకు తిరిగి వెళ్ళినట్టు ఉంది. మరి ఆ వంశవృక్షంలో పిల్లలు 1915 దాకా పుడుతూ ఉన్నారు. అంటే వాళ్ళే ఇద్దరు అప్పలస్వాములను ఒకరిగా కలిపేసుకున్నారు. నాన్నకు ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియడం లేదు.

డర్బన్ వాసి
ఆ కుటుంబానికి కూడా మెల్లగా చెప్పండి. వాళ్ళ అసలు పెద్దాయన వేరే వరుసలో ఎక్కడో ఉన్నాడు, వాళ్ళకూ ఆయన కావాలి. చెప్పేటప్పుడు జాబితాలోని కులం గడి గురించి మాత్రం ఎత్తకండి. ఓడ ఎక్కేటప్పుడు ఏదో ఒకటి రాయించుకున్నవాళ్ళు, గుమస్తా తోచింది రాసినవాళ్ళు చాలామంది. ఇక్కడి ఇళ్ళలో వేరేగా చెప్పుకుంటారు. దాని వల్ల మనసులు విరిగిన సందర్భాలు చూశాను.

చికాకోల్ ఆయన వరుస ఫొటో మాకు పెడతారా? ఆయనకు పైన కింద ఉన్న వరుసలు కూడా.

నాగావళి
పెట్టాను. గుర్తుల గడిలో చెయ్యిరాత నాకు అర్థం కాలేదు.

డర్బన్ వాసి
నాకు "ఎడమ కనుబొమ్మ మీద మచ్చ" అనే కనిపిస్తోంది. "ఎడమ" అన్నచోట సిరా పాకింది కానీ "కనుబొమ్మ" స్పష్టం. పాత దస్తావేజు గారూ, మీరూ చూడండి.

పాత దస్తావేజు
అదే. భూతద్దం పెట్టి నాలుగుసార్లు చూశాను.

కింది రెండు వరుసలు కూడా చూడండి. ముగ్గురి నంబర్లూ వరుసగా ఉన్నాయి, ముగ్గురికీ ఒకే తాలూకా, ఒకే ఊరు. ఒకే చోటి నుంచి కలిసి వెళ్ళినవాళ్ళన్నమాట. మూడో వరుసలో గుమస్తా అదే ఊరి పేరును ఇంకోలా రాశాడు. అది పలికి చూడమ్మా.

నాగావళి
మా ఊరే! మొదటి అక్షరం మింగేశాడు, అంతే. మూడో ఆయన తండ్రి పేరు మా వీధి చివర ఇంటివాళ్ళ పెద్దాయన పేరు. రేపు పొద్దున్నే వెళ్ళి అడుగుతాను.

నాగావళి
అడిగాను. వాళ్ళ తాతగారి బాబాయి కూడా "ఓడ మీద పోయినాడు" అని చెప్పారు, అంతకు మించి తెలియదన్నారు. నాకు అది చాలు. ఇప్పుడు నంబరు ఉంది. ఇక్కడి నుంచి కిందికి ఎలా దిగాలి? పెళ్ళి నమోదు చూస్తే 1915 అని ఉంది. పిల్లలు 1909కి ముందే పుట్టారు కదా, మళ్ళీ తప్పు మనిషేనా అని టెన్షన్‌గా ఉంది.

పాత దస్తావేజు
కంగారుపడకు. 1913 మార్చిలో కేప్ సుప్రీంకోర్టులో జడ్జి సెర్ల్ ఇచ్చిన తీర్పుతో క్రైస్తవ పద్ధతిలో జరగని పెళ్ళిళ్ళు చెల్లకుండా పోయాయి. ఆ ఏడాది గాంధీ నడిపిన సత్యాగ్రహంలో ఆడవాళ్ళు జైళ్ళకు వెళ్ళడానికి ఇదొక పెద్ద కారణం. 1914లో వచ్చిన చట్టం మూడు పౌన్ల పన్ను తీసేసింది, అప్పటికే కాపురం చేస్తున్న జంటలు పెళ్ళి నమోదు చేయించుకునే వీలు కల్పించింది. కాబట్టి 1915 అనేది నమోదు తేదీ. తాళి కట్టింది ఎప్పుడో అది చెప్పదు.

ఆమెది కూడా మీ వైపు ఊరే కానక్కర్లేదు. ఓడలో 100 మంది మగవాళ్ళకు కనీసం 40 మంది ఆడవాళ్ళు ఉండాలని నిబంధన. చాలామంది అక్కడికి వెళ్ళాకే జతకట్టారు.

కొరంగి
మారిషస్‌లో మా వాళ్ళ కోసం వెతికినప్పుడు క్రైస్తవంలోకి మారిన కొమ్మ బాప్తిస్మం పుస్తకంలో దొరికింది. నాటాల్‌లోనూ తెలుగు బాప్టిస్టులు ఉన్నారు కదా. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య వెళ్ళి అక్కడ తెలుగు సంఘం పెట్టారు. పిల్లల్లో ఎవరి ఆచూకీ అయినా దొరక్కపోతే అటు కూడా చూడండి.

డర్బన్ వాసి
నాగావళి గారూ, కిందికి దిగడానికి ఇక్కడ అన్నిటికన్నా మంచి కాగితం మరణ నివేదిక. చనిపోయినవారి ఆస్తి ఫైలులో ఉంటుంది. పుట్టిన చోటు, తల్లిదండ్రులు, భార్య, పిల్లలందరి పేర్లు, పెళ్ళయిన కూతుళ్ళ భర్తల పేర్లు కూడా రాస్తారు. నాటాల్ ఫైళ్ళు పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉంటాయి, కొన్నిటి చిత్రాలు ఫ్యామిలీ సెర్చ్‌లో కూడా ఉన్నాయి. అప్పల్సామి అని ఒక్క స్పెల్లింగే వెతకకండి. నేను వచ్చే వారం పని మీద ఆ ఊరు వెళుతున్నాను, చూసి వస్తాను.

డర్బన్ వాసి
దొరికింది. 1941. పుట్టిన చోటు "చికాకోల్, ఇండియా". తండ్రి రాములు. ముగ్గురు పిల్లలు, పెద్ద కూతురు, రామ్లూ అప్పల్సామి, చిన్న కూతురు. నాగావళి గారూ, పెద్ద కూతురి పేరు ఇక్కడ రాయను, మీకు విడిగా పంపాను. మీ ఇంట్లో ఆయన తల్లి పేరేమిటో మీరే సరిచూసుకోండి.

నాగావళి
అదే పేరు. "పెద్దదానికి అమ్మ పేరు పెట్టినాను."

నాగావళి
చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. పెద్ద కూతురి భర్త తమిళాయన. వాళ్ళది డర్బన్‌లోని కాటో మానర్‌లో ఇల్లు. ఏ జాతివాళ్ళు ఎక్కడ ఉండాలో విడదీసిన 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం కింద అక్కడి భారతీయులను ఖాళీ చేయించినప్పుడు 1960లలో డర్బన్‌లోనే చాట్స్‌వర్త్‌కి మారారు. అందుకే పాత చిరునామా దగ్గర ఎవరూ దొరకలేదు. డర్బన్ వాసి గారు గుళ్ళో, తెలిసినవాళ్ళ దగ్గర మెల్లగా వాకబు చేశారు. ముందు వాళ్ళను అడిగి, సరేనన్నాకే నాకు నంబరు ఇచ్చారు. ఆ నంబరు పెద్ద కూతురి కూతురిది. ఆవిడే ఇప్పుడు అప్పలస్వామి మనవరాళ్ళలో పెద్దావిడ.

నాన్న మా చెల్లెలి దగ్గరికి విదేశం వెళ్ళినప్పుడు టెస్ట్ చేయించాం, అక్కడ ఆవిడా చేయించుకున్నారు. 198 సెంటీమోర్గాన్లు వచ్చింది.

మూడు వేర్లు
కాగితాలు చెప్పిన వరసకు చక్కగా సరిపోయింది. అది కూతురి కొమ్మ, ఇటు మీ నాన్నగారు తమ్ముడి కొమ్మ, పైగా ఆవిడ తండ్రి తమిళాయన కాబట్టి మేనరికం వల్ల అంకె పెరిగే భయం కూడా తక్కువ. నేను మొదట చెప్పినట్టు టెస్ట్‌తోనే మొదలుపెట్టి ఉంటే ఈ అంకెను పట్టుకుని ఎవరో తెలియక తిరిగేవాళ్ళం.

నాగావళి
నిన్న వీడియో కాల్ చేశాం. మాట్లాడే ముందు నాన్న నన్ను అడిగారు, "ఏమని పిలవాలే?" అని. లెక్క వేశాం. ఆవిడ తల్లి నాన్నకు మేనత్త వరస, ఆవిడ నాన్నకన్నా పెద్దది. "అయితే వదిన" అన్నారు.

ఆవిడకు తెలుగు రాదు. నాన్నకు ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను మధ్యలో కూర్చుని ఇటు అటు చెబుతున్నాను. ఉత్తరం నాలుగు ముక్కలూ పక్కపక్కన పెట్టి కెమెరాకు చూపించాం. వేలిముద్ర దగ్గరికి రాగానే ఆవిడ "ఓలమ్మా" అంది. నాన్న అదిరిపడ్డారు. ఆ మాట ఎక్కడిదని అడిగితే, అర్థం తెలియదట, అమ్మ ఆశ్చర్యపోతే అలా అనేదట.

ఇంకా అప్పలస్వామి కొడుకు రాములు సంగతి తేలలేదు. మేనమామ 1930లలో జొహానెస్‌బర్గ్ వెళ్ళాడని మాత్రం ఆవిడకు గుర్తుంది. అక్కడి కాగితాల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

పాత దస్తావేజు
ఉంటాయమ్మా. అప్పట్లో నాటాల్ భారతీయులు జొహానెస్‌బర్గ్ ఉన్న ట్రాన్స్‌వాల్‌కి వెళ్ళాలంటే అనుమతి ఉండాల్సిందే. అనుమతి అడిగితే ఫైలు తెరుచుకునేది. తండ్రి నంబరు పెట్టి మొదలుపెట్టు. నీ దగ్గర ఉన్న స్పెల్లింగులన్నీ నాకు పంపు, సగం నేను చూస్తాను.